కంచరగాడిదను మోసే తల్లి

కేదార్‌నాథ్ వెళ్ళివచ్చిన మనవాళ్ళు గౌరీకుండ్ దగ్గర గుర్రమెక్కి కొండపైకి వెళ్ళామని చెబుతుంటారు. ఆ దారిలో యాత్రికులను, సరుకుల మూటలను మోసుకుపోయే జంతువులలో చాలా వాటికి తల్లి మాత్రమే గుర్రం, తండ్రి గాడిద. పొడవైన చెవులు, ఇరుకైన గిట్టలు, పలచని జూలు చూస్తే అవి కంచరగాడిదలని గుర్తుపట్టవచ్చు. కంచరగాడిదకు పిల్లలు పుట్టరన్న సంగతి బడిలో జీవశాస్త్రం చదివిన వారందరికీ గుర్తుంటుంది. పరీక్షల్లో అడిగేదీ, మాటల్లో వచ్చేదీ దాని గొడ్డుతనమే. పశువైద్యంలో గర్భకోశ వ్యాధులనే ప్రత్యేకంగా చదువుకున్న నాకు మాత్రం ఈ కథలో ముఖ్యపాత్ర దాని తల్లి అనిపిస్తుంది. తన జాతి కాని పిండాన్ని పదకొండు నెలలకు పైగా కడుపులో పెట్టుకుని, దానికి కావలసినదంతా సమకూర్చి, ఈని, పాలిచ్చి పెంచే ఆడ గుర్రం శరీరంలో ఏం జరుగుతుందో తెలుసుకుంటే, అలా పుట్టిన పిల్లలలో కొన్ని నాలుగు రోజులైనా నిండకుండా ఎందుకు చనిపోతున్నాయో, వాటిని ఎంత తేలికగా దక్కించుకోవచ్చో కూడా తెలుస్తుంది.

గొడ్డుతనం సంగతి ముందుగా ముగిస్తాను. గుర్రానికి 64 క్రోమోజోములు, గాడిదకు 62. తల్లి నుంచి 32, తండ్రి నుంచి 31 కలిసి కంచరగాడిదకు 63 వస్తాయి. బేసి సంఖ్య కావడం వల్ల జతలు కుదరవని, అందుకే పిల్లలు పుట్టరని సాధారణంగా చెప్పే వివరణ సరిపోదు. మంగోలియాకు చెందిన ప్రెవాల్‌స్కీ అడవి గుర్రానికి 66 క్రోమోజోములుంటాయి. దానికీ మామూలు గుర్రానికీ పుట్టే పిల్లకు 65 వస్తాయి. అదీ బేసి సంఖ్యే, అయినా ఆ సంకరానికి నిక్షేపంగా పిల్లలు పుడతాయి. అక్కడ తేడా అంతా ఒకేచోట ఉంది: అడవి గుర్రంలో విడివిడిగా ఉన్న రెండు క్రోమోజోములు మామూలు గుర్రంలో ఒక్కటిగా అతుక్కుని ఉన్నాయి కాబట్టి, బీజకణాలు తయారయ్యేటప్పుడు ఆ రెండూ ఈ ఒక్కదాని పక్కన సర్దుకోగలవు. గుర్రానికీ గాడిదకూ మధ్య అలాంటి అతుకులు, విరుపులు, తిరగబడిన ముక్కలు ఒకటి రెండు కావు, అనేకం. అవి ఎదురెదురుగా నిలబడి జతకట్టలేకపోవడంతో చాలా బీజకణాలు మధ్యలోనే నశించిపోతాయి. అరుదుగా ఈ నియమం తప్పుతుంది. 1984లో అమెరికాలోని నెబ్రాస్కాలో, 2002లో మొరాకోలో ఆడ కంచరగాడిదలు పిల్లలను ఈనిన సంగతి నమోదై ఉంది. అంతకంటె నాకు ముఖ్యంగా తోచేది మరొకటి. 1980లలో శాస్త్రవేత్తలు ఆడ కంచరగాడిదల గర్భాశయంలో గుర్రపు పిండాలను, గాడిద పిండాలను ప్రవేశపెడితే ఆ కంచరగాడిదలు నెలలు నిండి ఈనాయి. అంటే దాని గర్భాశయానికి ఏ లోపమూ లేదు, లోపమంతా అండాల తయారీలోనే ఉంది.

ఇక తల్లి దగ్గరకు వస్తాను. ఆవులతో, గేదెలతో రోజూ పనిచేసే మా బోటి వాళ్ళకు ఆడ గుర్రం పునరుత్పత్తి వ్యవస్థలో అడుగడుగునా కొత్తదనమే. మన గేదెలు పగటి పొద్దు కుదించుకుపోయే కాలంలో, అంటే వానలు వెనకబట్టినప్పటి నుంచి చలికాలం దాకా బాగా ఎదకు వస్తాయి; ఆడ గుర్రం అందుకు పూర్తిగా విరుద్ధం. రాత్రిపూట మెదడులోని పీనియల్ గ్రంథి నుంచి మెలటోనిన్ అనే హార్మోను ఊరుతుంది. పొద్దు పెరిగి రాత్రి తగ్గినకొద్దీ ఆ ఊరే సమయం తగ్గుతుంది, ఆ తగ్గుదలే సంకేతంగా మెదడులోని హైపోథలామస్ అనే భాగం మేల్కొని అండాశయాలను కదిలిస్తుంది. నడి చలికాలంలో చాలా ఆడ గుర్రాల అండాశయాలు గట్టిగా, చిన్నగా, ఏ పనీ లేకుండా ఉంటాయి. రోజుకు 16 గంటలు వెలుతురు ఉండేలా పాకలో దీపాలు పెడితే, సుమారు రెండు నెలల్లో వాటిని ముందుగానే ఎదకు తేవచ్చు. పందెపు గుర్రాల పెంపకందారులకు ఈ పద్ధతి ప్రాణాధారం. థరోబ్రెడ్ గుర్రం ఏ నెలలో పుట్టినా మన దేశంలో దాని వయసు జనవరి 1 నుంచే లెక్కిస్తారు కాబట్టి, హైదరాబాదు మలక్‌పేటలో పరుగెత్తే రెండేళ్ళ గుర్రాలలో జనవరిలో పుట్టినదానికి ఏప్రిల్‌లో పుట్టినదాని మీద మూడు నెలల ఎదుగుదల అదనంగా కలిసివస్తుంది. ప్రకృతి వేసవిని ఎంచుకుంటే పందెపు పంచాంగం చలికాలాన్ని ఎంచుకుంది. ఆ రెండింటి మధ్య నలిగేది ఆడ గుర్రమే.

ఎదచక్రం సుమారు 21 రోజులు. అందులో అయిదు నుంచి ఏడు రోజులు అది ఎదలో ఉంటుంది. ఒక్కరోజు కూడా సరిగా నిలవని గేదె ఎదను పట్టుకోవడానికి అవస్థపడే మనకు ఇది వరంలా కనిపిస్తుంది గాని, అండం విడుదలయ్యేది ఎద ముగియడానికి ఒకటి రెండు రోజుల ముందు. ఎద ఎప్పుడు ముగుస్తుందో ముందుగా తెలియదు కాబట్టి దాటించవలసిన రోజును పట్టుకోవడం అంత సులభం కాదు. అందుకే స్కానింగు యంత్రంతో అండపుటికను, అంటే అండం పెరిగే నీటితిత్తిని, రోజు విడిచి రోజు కొలుస్తారు. అది రోజుకు సుమారు మూడు మిల్లీమీటర్ల చొప్పున పెరిగి, 40 మిల్లీమీటర్ల చుట్టుపక్కలకు వచ్చి మెత్తబడినప్పుడు మగదాన్ని తెస్తారు. ఆవు అండాశయం ఉపరితలం మీద ఎక్కడనుంచైనా అండం బయటపడగలదు. ఆడ గుర్రం అండాశయం మాత్రం లోపలి భాగం బయటికీ, బయటి భాగం లోపలికీ మారిపోయినట్లు ఉండి, ఒక్క గుంట దగ్గర మాత్రమే అండానికి దారి ఇస్తుంది.

అక్కడినుంచి ఇంకొక విశేషం మొదలవుతుంది. ఫలదీకరణ జరగని అండం అండవాహిక దాటి గర్భాశయంలోకి రానే రాదు, అక్కడే ఉండి నెమ్మదిగా క్షీణించిపోతుంది. జీవం పోసుకున్న పిండం మాత్రం అయిదారు రోజులకు ప్రోస్టాగ్లాండిన్ ఇ2 అనే పదార్థాన్ని స్రవించి, తనకు కావలసిన దారిని తానే తెరిపించుకుని గర్భాశయంలోకి దిగుతుంది. పిండ మార్పిడి చేసేవారు ఏడెనిమిదవ రోజున గర్భాశయాన్ని కడిగి పిండాన్ని తీయగలగడానికి ఈ క్రమమే ఆధారం. జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం వారి బికనీర్ ప్రాంగణంలో 2023 మే నెలలో ఈ పద్ధతిలోనే మార్వాడీ జాతి ఆడ గుర్రపు పిల్ల ఒకటి వేరొక తల్లి కడుపున పుట్టింది. దానికి రాజ్-ప్రథమ అని పేరు పెట్టారు.

మగ గాడిద సంగతి చెప్పకుండా కంచరగాడిద పుట్టుక గురించి రాయలేము. మగ గుర్రం ఎదలో ఉన్న ఆడదాన్ని చూడగానే పై పెదవి మడిచి వాసన పట్టి, కొద్ది నిమిషాలలో పని ముగిస్తుంది. మగ గాడిద తీరు వేరు. అది దగ్గరకు వస్తుంది, మూతి ఆనిస్తుంది, మళ్ళీ దూరంగా వెళ్ళి నిలబడుతుంది, మళ్ళీ వస్తుంది. ఇలా చాలాసేపు గడిస్తే గాని సిద్ధపడదు. ఈ ఆలస్యం దాని స్వభావమే తప్ప జబ్బు కాదు. తెలియని యజమానులు కర్రతో అదిలించడం, తిట్టడం వల్ల అది ఇంకా బెదిరిపోతుంది. ఎదలో ఉన్న ఆడ గాడిద చూపించే గుర్తు కూడా ఒకసారి చూస్తే మరచిపోలేనిది: మెడ ముందుకు చాపి, చెవులు వెనక్కి వాల్చి, నోరు తెరుస్తూ మూస్తూ టపటపమని దవడలు ఆడిస్తుంది, నోటి నుంచి చొంగ కారుతుంది. ఆడ గుర్రంలో ఈ దవడల ఆట సాధారణంగా కనిపించదు. అది తోక పక్కకు తిప్పి, వెనుక కాళ్ళు కాస్త వంచి, కొంచెం కొంచెంగా మూత్రం పోస్తూ యోనిపెదవులను తెరుస్తూ మూస్తుంది. గాడిదల మధ్యనే పెరిగిన మగ గాడిదకు ఈ భాష పరాయిది, అందుకే చాలా మగ గాడిదలు ఆడ గుర్రాన్ని పట్టించుకోవు. కంచరగాడిదల పెంపకంలో అనుభవమున్నవారు మగ గాడిద పిల్లను పాలు మరచిన నాటినుంచే గుర్రాల పిల్లల మధ్య పెంచడానికి కారణం ఇదే.

దీనికి చరిత్రలో బాగా తెలిసిన ఉదాహరణ ఉంది. అమెరికాకు తొలి అధ్యక్షుడైన జార్జి వాషింగ్టన్ తన పొలాల పనికి కంచరగాడిదలు కావాలని ఎంతో తపించాడు. 1785లో స్పెయిన్ రాజు పంపిన మేలుజాతి మగ గాడిద ఆయన మౌంట్ వెర్నన్ ఎస్టేటుకు చేరింది. దానికి రాయల్ గిఫ్ట్ అని పేరు పెట్టారు. అది వచ్చిన కొత్తలో ఆడ గుర్రాల పట్ల ఏమాత్రం ఆసక్తి చూపలేదని ఆయన ఉత్తరాలే చెబుతున్నాయి. చివరకు ముందుగా ఆడ గాడిదను చూపించి, మగది సిద్ధపడ్డాక ఆడ గుర్రాన్ని దగ్గరకు తెచ్చే ఉపాయంతో పని జరిగింది. ఈనాడు కృత్రిమ గర్భధారణ కోసం మగ గాడిద వీర్యం సేకరించేవారు కూడా చాలాచోట్ల ఎదలో ఉన్న ఆడ గాడిదను ఎదురుగా కట్టి ఉంచుతారు. ఎత్తులో తేడా ఉన్నచోట ఆడ గుర్రాన్ని పల్లంలో, గాడిదను మెరకలో నిలబెట్టే పాత పద్ధతికి కృత్రిమ గర్భధారణ మంచి ప్రత్యామ్నాయం. ఇక్కడ ఒక వింత ఉంది. ఘనీభవింపజేసిన మగ గాడిద వీర్యంతో ఆడ గుర్రాలు చూడి కట్టినంత బాగా ఆడ గాడిదలు కట్టవు. వీర్యాన్ని కాపాడటానికి కలిపే గ్లిజరాల్ ఆడ గాడిద గర్భాశయానికి పడకపోవడం ఒక కారణమని అనుమానిస్తున్నారు. సొంత జాతిని పెంచుకోవడం కంటె సంకరాన్ని పుట్టించడమే తేలికైపోయిన ఈ పరిస్థితి గాడిదల భవిష్యత్తు దృష్ట్యా నన్ను కలవరపెడుతుంది.

ఎందుకంటే మన దేశంలో గాడిదలు వేగంగా తరిగిపోతున్నాయి. 2012 పశుగణనలో 3.2 లక్షలున్న గాడిదలు 2019 నాటికి 1.24 లక్షలకు పడిపోయాయి. కంచరగాడిదలు కూడా 84 వేలకు తగ్గాయి. ఆంధ్రప్రదేశ్‌లోని కొన్ని జిల్లాలలో చట్టవిరుద్ధంగా సాగుతున్న గాడిద మాంసం వ్యాపారం కోసం ఇతర రాష్ట్రాల నుంచి కూడా గాడిదలను తరలిస్తున్నారని ఎన్నోసార్లు బయటపడింది. చైనాలో గాడిద తోలు ఉడికించి తయారుచేసే ఎజియావో అనే మందుకున్న గిరాకీ ఆఫ్రికా గాడిదలను ఎంతగా హరించిందంటే, 2024 ఫిబ్రవరిలో ఆఫ్రికన్ యూనియన్ తోలు కోసం గాడిదలను వధించడాన్ని నిషేధించవలసి వచ్చింది. కోళ్ళు, పందులవలె గాడిదలను పెంచి ఈ గిరాకీ తీర్చవచ్చునని వాదించేవారు దాని గర్భకాలం లెక్క చూడాలి. ఆడ గాడిద పన్నెండు నెలలు, ఒక్కోసారి ఇంకా కొన్ని రోజులు ఎక్కువగా మోసి ఒక్క పిల్లనే ఈనుతుంది. ఆ పిల్ల మళ్ళీ తల్లి కావడానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది. అంత నిదానంగా పుట్టే జంతువు అంత వేగంగా జరిగే వధకు తట్టుకోలేదు. మగ గాడిదలు లేకపోతే కంచరగాడిదలూ ఉండవు.

మళ్ళీ గర్భాశయంలోకి వెళదాం. ఆవు పిండం గర్భాశయపు కొమ్ములో సాగి పొడవైన దారంలా మారి తన ఉనికిని తల్లికి తెలియజేస్తుంది. గుర్రపు పిండం సాగదు. గట్టి పొర తొడుక్కుని గుండ్రంగానే ఉంటుంది. మరి పెద్దదైన గర్భాశయానికంతటికీ తానున్నానని చెప్పడమెలా? అది తిరుగుతుంది. ఉత్తరాదిన శిక్షణలో ఉన్నప్పుడు పద్నాలుగవ రోజు పిండాన్ని స్కానింగు తెర మీద మొదటిసారి చూశాను. ఎడమ కొమ్ము చివర నల్లని చిన్న వలయం కనిపించింది, కొలత తీసుకున్నాము, కేసు వివరాలు రాసుకుని మళ్ళీ ప్రోబు పెడితే అక్కడ లేదు. మా అధ్యాపకుడు నవ్వి, ప్రోబును నెమ్మదిగా వెనక్కి జరిపి, గర్భాశయం నడుమ భాగంలో అదే వలయాన్ని చూపించారు. మరికొంతసేపటికి అది కుడి కొమ్ములోకి చేరింది. గర్భాశయపు కండరాలు దాన్ని రోజుకు అనేకసార్లు ఈ చివర నుంచి ఆ చివరకు నెడుతూ ఉంటాయి. అది తాకిన ప్రతిచోటా, అండం విడుదలైన చోట ఏర్పడి చూడిని నిలబెట్టే కార్పస్ లూటియమ్‌ను కరిగించే వేరొక రకం ప్రోస్టాగ్లాండిన్ విడుదల ఆగిపోతుంది. సుమారు పదహారవ రోజున పిండం పెరిగి, గర్భాశయం బిగువెక్కి, ఒకచోట స్థిరపడుతుంది. తెర మీద ఆ ప్రయాణాన్ని చూసిన నాటినుంచి చూడి నిర్ధారణ నాకు కేవలం అవునా కాదా అని చెప్పే పరీక్షగా మిగలలేదు. కవలలుంటే వాటిలో ఒకదాన్ని వేళ్ళతో నొక్కి తీసేయవలసినది కూడా అవి స్థిరపడక ముందే, రెండూ ఒకదానికొకటి దూరంగా ఉన్న సమయం చూసి. ఆడ గుర్రం గర్భాశయంలో కవలలకు చాలినంత చోటు ఉండదు. వదిలేస్తే చాలావరకు రెండూ పోతాయి, తల్లికీ ముప్పు. ఒకదాన్ని తీయడం కఠినంగా అనిపించినా చేయక తప్పదని నా నిశ్చితాభిప్రాయం.

ముప్పై అయిదవ రోజు దాటాక అసలు చిత్రం మొదలవుతుంది. పిండాన్ని చుట్టి ఉన్న పొర మీద పట్టీలాంటి ఒక భాగంలోని కణాలు తల్లి గర్భాశయపు గోడలోకి చొచ్చుకుపోయి, అక్కడ ఎండోమెట్రియల్ కప్పులనే చిన్న చిన్న దిబ్బలుగా స్థిరపడతాయి. మన పశువైద్యులు ఆవులలో, గేదెలలో వాడే పీఎంఎస్‌జీ అనే హార్మోను పుట్టేది అక్కడే. చూడి గుర్రాల రక్తంలో దాని ఉనికిని 1930లోనే కోల్, హార్ట్ అనే శాస్త్రవేత్తలు కనిపెట్టారు. ఆ కప్పులు తల్లివి కావని, పిండం నుంచి వలస వచ్చిన కణాలని 1970లలో కేంబ్రిడ్జికి చెందిన డబ్ల్యు. ఆర్. ఎలన్, ఆయన సహచరులు నిరూపించారు. ఈ హార్మోను తల్లి అండాశయంలో అదనపు కార్పస్ లూటియమ్‌లను పుట్టించి, మాయ తానే ప్రొజెస్టరాన్ తరహా హార్మోన్లను తగినంత తయారుచేసుకునేదాకా చూడిని నిలబెడుతుంది. పరాయి కణాలు ఒంట్లో చేరాయని తల్లి రోగనిరోధక వ్యవస్థ గుర్తించకపోలేదు. తెల్లరక్తకణాలు ఆ కప్పుల చుట్టూ గుమిగూడి, 120వ రోజు వచ్చేసరికి వాటిని చాలావరకు నిర్మూలిస్తాయి. అప్పటికి వాటి పని పూర్తవుతుంది. (ఈ హార్మోను కోసం కొన్ని దేశాలలో చూడి గుర్రాల నుంచి పదేపదే రక్తం తీస్తున్నారు, సీసా మీద పేరు చూసి ఇంజెక్షను చేసే మనం దాని వెనుక ఒక ఆడ గుర్రం ఉందని గుర్తుపెట్టుకోవాలని నా విన్నపం.)

ఇప్పుడు అదే ఆడ గుర్రం కడుపులో ఉన్నది కంచరగాడిద పిండమనుకుందాం. కప్పులు ఏర్పడతాయి గాని చిన్నవిగా ఉంటాయి. తల్లి తెల్లకణాలు వాటి మీద ముందుగానే, మరింత తీవ్రంగా విరుచుకుపడతాయి. హార్మోను పరిమాణం మామూలు చూడితో పోలిస్తే బాగా తక్కువ. దీన్ని తిరగేసి, ఆడ గాడిదను మగ గుర్రంతో దాటించి చూడండి. అలా పుట్టేదాన్ని హిన్నీ అంటారు. అది అంత తేలికగా చూలు నిలవదు, కాని నిలిచినప్పుడు ఆ గాడిద రక్తంలో ఈ హార్మోను విపరీతంగా పెరుగుతుంది, కప్పులు పెద్దవిగా ఏర్పడతాయి. రెండు చోట్లా పిండంలో సగం గుర్రం, సగం గాడిద; జన్యువుల మొత్తం ఒక్కటే. అయినా ఫలితం ఇంత భిన్నంగా ఎందుకుంది? కొన్ని జన్యువుల విషయంలో తండ్రి నుంచి వచ్చిన నకలే మాయలో బలంగా పనిచేస్తుంది కాబట్టి. తండ్రి గుర్రమైతే చొచ్చుకుపోయే పట్టీ బలంగా ఉంటుంది, గాడిదైతే బలహీనంగా ఉంటుంది. 2013లో కార్నెల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కంచరగాడిద, హిన్నీ మాయలను పక్కపక్కన పెట్టి పరిశీలించి, తండ్రి వైపు నకలు మాత్రమే పనిచేసే జన్యువులు మాయలో ఎక్కువగా ఉన్నాయని తేల్చారు. పూర్తిగా గాడిద పిండాన్నే ఆడ గుర్రంలో పెట్టి ఎలన్ బృందం చేసిన ప్రయోగాలు ఇంకా స్పష్టంగా చెబుతాయి: కప్పులు అసలు ఏర్పడలేదు, మాయ గర్భాశయానికి సరిగా అతుక్కోలేదు, చాలావరకు 80 నుంచి 100 రోజుల మధ్య ఈసుకుపోయాయి. ఆడ గాడిదలో పెట్టిన గుర్రపు పిండం మాత్రం నిలిచింది. కాబట్టి కంచరగాడిద చూలు ఏదో ఒక విధంగా సర్దుబాటైన మధ్యస్థితి. కప్పులు బలహీనంగా ఉన్నా చాలా ఆడ గుర్రాలు దాన్ని నెలలు నిండేవరకు నిలుపుకోగలవు. వేల ఏళ్ళుగా మనిషి కంచరగాడిదలను పుట్టించుకోగలగడానికి ఈ ఓర్పే మూలం.

కంచరగాడిద గాడిద కంటె పెద్దదిగా పెరగడంలో కూడా తల్లి వాటా ఎక్కువ. 1938లో కేంబ్రిడ్జిలో వాల్టన్, హామండ్ భారీ షైర్ జాతిని, పొట్టి షెట్లాండ్ జాతిని అటూ ఇటూ సంకరం చేసి చూశారు. షైర్ తల్లికి పుట్టిన పిల్ల షైర్ పిల్లంత, షెట్లాండ్ తల్లికి పుట్టినది షెట్లాండ్ పిల్లంత బరువు తూగాయి. గర్భాశయం ఎంత చోటిస్తే మాయ అంత పరుచుకుంటుంది, పిల్ల అంత పెరుగుతుంది.

ఈత గురించి ఎక్కువ చెప్పను. ఆడ గుర్రం చాలావరకు రాత్రిపూట, చుట్టూ అలికిడి లేనప్పుడు ఈనుతుంది. ఉమ్మనీరు పోయిన అరగంటలోపు పిల్ల బయటపడాలి. గేదెకు ఆగినట్లు గంటల తరబడి ఆగితే పిల్ల దక్కదు. తెల్లని పొరకు బదులు ఎర్రని ముఖమల్ లాంటి సంచి ముందుగా కనిపిస్తే మాయ ముందే విడిపోయిందని అర్థం. డాక్టరు కోసం చూడకుండా వెంటనే దాన్ని చించి పిల్లను లాగాలి. మాయ మూడు గంటలలో పడాలి. పడకపోతే ఆవు విషయంలో మాదిరిగా మర్నాటిదాకా చూడటం ప్రమాదకరం.

నేను అన్నింటికంటె ఎక్కువగా చెప్పదలచుకున్నది ఆ తర్వాతి మూడు రోజుల గురించి. గుర్రం మాయలో తల్లి రక్తానికీ పిల్ల రక్తానికీ మధ్య ఆరు పొరలుంటాయి, రోగాలతో పోరాడే తల్లి ప్రతిరక్షకాలు వాటిని దాటి రాలేవు. కాబట్టి పిల్ల రోగనిరోధక శక్తి లేకుండానే పుట్టి, మొదటి ఇరవై నాలుగు గంటలలో తాగిన జున్నుపాలతోనే దాన్ని సంపాదించుకుంటుంది. ఎంత త్వరగా తాగితే అంత మంచిదని మనం రైతులకు చెబుతాము, అది నిజమే. అయితే కంచరగాడిద పిల్ల విషయంలో కొన్నిసార్లు ఆ జున్నుపాలే ప్రాణం తీస్తాయి. గాడిద ఎర్రరక్తకణాల మీద డాంకీ ఫ్యాక్టర్ అని పిలిచే ఒక యాంటిజెన్, అంటే అది లేని శరీరం పరాయిదిగా గుర్తించగల పదార్థం, ఉంటుంది. అది గుర్రాలలో ఉండదు, గాడిద తండ్రి నుంచి కంచరగాడిద పిల్లకు వస్తుంది. మొదటి ఈతలో పిల్ల రక్తం కొంచెం తల్లి రక్తంలో కలిస్తే, తల్లి దాన్ని పరాయిదిగా గుర్తించి ప్రతిరక్షకాలు తయారుచేసుకుంటుంది. మొదటి పిల్లకు సాధారణంగా ఏమీ కాదు. రెండవసారి కంచరగాడిదనే మోసినప్పుడు అవి జున్నుపాలలో పుష్కలంగా చేరతాయి, ఆ పాలు తాగిన పిల్ల రక్తంలోకి వెళ్ళి దాని ఎర్రరక్తకణాలను నాశనం చేస్తాయి. గుర్రపు పిల్లలలో చాలా అరుదుగా కనిపించే ఈ జబ్బు కంచరగాడిద పిల్లలలో సుమారు నూటికి పదింటికి రావడానికి కారణం, ప్రతి కంచరగాడిద చూలులోనూ ఈ పొసగనితనం తప్పనిసరిగా ఉండటమే.

పిల్ల పుట్టినప్పుడు చూడముచ్చటగా ఉంటుంది. లేస్తుంది, పాలు తాగుతుంది, తల్లి చుట్టూ గెంతుతుంది. ఒకటి రెండు రోజులు గడిచేసరికి మందగిస్తుంది, పడుకునే ఉంటుంది, గుండె వేగంగా కొట్టుకుంటుంది, చిగుళ్ళు మొదట పాలిపోయి తర్వాత పసుపుపచ్చగా మారతాయి, మూత్రం ఎర్రబడవచ్చు. కొన్నింటిలో రక్తం గడ్డకట్టే కణాలు కూడా తగ్గి ఒంటి మీద రక్తపు మచ్చలు వస్తాయి. దిష్టి తగిలిందనో, చలికి కట్టుకుందనో అనుకుంటూ ఇంకా పాలు తాగించే ప్రయత్నం చేస్తే జబ్బు ముదురుతుంది.

దీన్ని ముందుగా పట్టుకునే పరీక్షకు పెద్ద ప్రయోగశాల అక్కరలేదు. ఈనగానే పిల్ల పాలు తాగకముందే తల్లి నుంచి కొద్దిగా జున్నుపాలు పిండి, వరుసగా పెట్టిన గాజు గొట్టాలలో సెలైన్‌తో పలచబరచి, ఒక్కొక్క దానిలో పిల్ల రక్తం ఒక చుక్క కలిపి సెంట్రిఫ్యూజులో తిప్పాలి. గొట్టం వంచినప్పుడు అడుగున చేరిన ఎర్రకణాలు పాలతోపాటు జారి కరిగితే ఆ పాలు తాగవచ్చు. ముద్దకట్టి అడుగునే అంటుకుని కదలకపోతే తాగనివ్వకూడదు. పరీక్షించే వీలు లేనిచోట, తల్లికి ఇది రెండవ లేదా ఆ తర్వాతి కంచరగాడిద ఈత అని తెలిస్తే చాలు, జాగ్రత్త పడవలసిందే. పిల్ల మూతికి చిక్కం కట్టి తల్లి దగ్గరే ఉంచాలి, తల్లి పాలు రెండు మూడు గంటలకొకసారి పిండి పారబోయాలి, ఎన్నడూ కంచరగాడిదను మోయని మరొక ఆడ గుర్రం జున్నుపాలు సీసాతో పట్టాలి. పెంపకందారులు అలాంటి జున్నుపాలను ముందే సేకరించి ఫ్రీజరులో దాచుకోవడం అత్యవసరం. రెండు రోజులు గడిచేసరికి పిల్ల పేగులు పెద్ద అణువులను లోపలికి పీల్చుకోవడం మానేస్తాయి కాబట్టి, ఆపైన తల్లి పాలు తాగినా హాని లేదు. అప్పటికే జబ్బుపడి రక్తం ఎక్కించవలసి వస్తే దాతగా గాడిదనో, కంచరగాడిదనో ఎన్నుకోకూడదు. వాటి కణాల మీద కూడా అదే యాంటిజెన్ ఉంటుంది, ఎక్కించిన రక్తం కూడా నాశనమైపోతుంది. ఎన్నడూ చూడి కట్టని గుర్రం రక్తం మేలు. సెలైన్‌తో బాగా కడిగి ప్రతిరక్షకాలు తొలగించిన తల్లి ఎర్రకణాలు కూడా పనికొస్తాయి.

అందుకే ఆడ గుర్రాన్ని కొనేటప్పుడు వయసు, పళ్ళు, నడక, సుడులు చూసేవారు, అది ఇంతకు ముందు ఎన్ని ఈతలు ఈనిందో, అందులో గాడిదతో దాటించినవి ఎన్నో కూడా అడిగి రాసి పెట్టుకోవాలి. కంచరగాడిద పిండాన్ని మోసినందువల్ల ఆ గుర్రం పనికిరాకుండా పోయిందని కొందరు భావిస్తారు, తర్వాత పుట్టే పిల్లలకు గాడిద పోలికలు వస్తాయని కూడా అంటారు. దీనికి ఆధారమేమీ లేదు. మగ గుర్రంతో దాటిస్తే దానికి పుట్టేది అచ్చమైన గుర్రపు పిల్లే. గాడిద యాంటిజెన్ మీద తయారైన ప్రతిరక్షకాలు తల్లి పాలలో ఎంత ఉన్నా, గుర్రపు పిల్ల రక్తంలో ఆ యాంటిజెన్ లేదు కాబట్టి వాటివల్ల దానికి ఏమీ కాదు. అది మొదటి గంటలోనే తల్లి జున్నుపాలు కడుపునిండా తాగవచ్చు.